కాలనీ బోరు మాట

తమ్ముడు వీరాస్వామి, మరదలు సుగుణ నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని దీవిస్తూ మీ అన్న సుబ్బయ్య విజయవాడ నుంచి రాస్తున్న సంగతులు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బెంగ పెట్టుకోవద్దు. మీరందరూ కూడా బాగున్నారనే అనుకుంటున్నాను, బాగోకపోతే ఈపాటికి ఫోను మీద ఫోను చేసి నా చెవి తినేసేవాడివి. మేనత్త రమణమ్మకి దగ్గు తగ్గిందా? సుగుణ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? గేదె ఈనిందా? ఈనితే పెయ్యా, దున్నా? ఈ సంగతులు తప్పకుండా తెలియజేయి.

ఫోను జేబులో పెట్టుకుని ఉత్తరం ఏమిటని నువ్వు నవ్వుతావు. ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. చిన్నప్పటి నుంచీ అంతే, మధ్యలో అందుకుంటావు. కాగితాన్ని మధ్యలో అందుకోలేవు. రెండో తరగతిలో బడి మానేసిన చెయ్యి ఇది. ఒక్కో అక్షరం చెక్క మీద ఉలి పెట్టినట్టు రాస్తున్నాను. ఒత్తులు తప్పిపోతే సరిచేసి చదువుకో. మాటలు మాత్రం సరిచేయకు. సుగుణని, నీ కొడుకు రాంబాబుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పైకి వినబడేలా చదువు.

ముందు నా సంగతి. గన్నవరం రోడ్డు మీద ఆడపిల్లల హాస్టలు గేటు దగ్గర నాకో కుర్చీ, ఒక రేకుల గది. పొద్దున పిల్లలు కాలేజీకి వెళ్ళేటప్పుడు గేటు తీస్తాను, సాయంత్రం వచ్చాక వేస్తాను. మధ్యలో కూర్చుంటాను. నెత్తి మీద నుంచి విమానాలు పోతుంటాయి. పిల్లలు తలెత్తి చూడరు. నేను ఇప్పటికీ చూస్తాను, సిగ్గేమీ లేదు. ఎండ అప్పుడే మొదలైంది. ఇక్కడ ఎండ మన దివిసీమ ఎండలాగా గాలితో కలిసి రాదు, కొండల్లో కాగి మరీ వస్తుంది. మెస్సులో తిండి పరవాలేదు. సాంబారు పేరుతో ఏదో పోస్తారు, తాగేస్తాను. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. సుగుణకి వీలైతే ఇంకో సీసా పెట్టమను, ఉప్పు మాత్రం తగ్గించమను.

ఇక్కడ అందరూ నన్ను అండీ, గారూ అంటారు. ఒక్కళ్ళూ తిట్టరు. తిట్టే మనిషి లేని చోట బతకడం ఎంత ఒంటరిగా ఉంటుందో నీకు తెలియదు, నీ చుట్టూ ఉన్నవాళ్ళని తిట్టడానికి నువ్వే సరిపోతావు.

నేను ఇక్కడికి ఎందుకు వచ్చానో ఊళ్ళో నువ్వు ఒక రకంగా చెప్పుకుంటున్నావట. అన్నయ్యకి పట్నం మోజు పుట్టింది అంటున్నావట. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను. కాలనీ పక్కన నా రెండెకరాలు నీ పొలంలో కలిపి రొయ్యల చెరువు తవ్వావు. నేను సరే అన్నాను. చెరువుకి దుక్కి లేదు, నాటు లేదు, కోత లేదు. నాకు ఊళ్ళో పని లేకుండా పోయింది. అదే ఏడు నీ మనవరాలు శిరీషకి ఇక్కడ కెమిస్ట్రీలో సీటు వచ్చింది. ఆడపిల్లని ఒంటరిగా ఉంచలేను, నువ్వెళ్ళి కాపలా ఉండు అన్నావు. వచ్చాను. పిల్ల ఉండే హాస్టలుకే వాచ్‌మన్‌గా కుదిరాను. ఇదీ నా పట్నం మోజు.

ఇక నువ్వు అప్పగించిన పని. అయిపోయింది. కాలేజీ సభలో శిరీష మన ఊరి కాలనీ బోరు మాట ఎత్తలేదు. నీ చెరువు మాట అంతకన్నా ఎత్తలేదు. ఆ మాట నువ్వు ఫోనులో విన్నావు, 'హమ్మయ్య' అని పెట్టేశావు. ఎలా అయిందో అడగలేదు. ఇప్పుడు విను.

పిల్ల ఏం చేస్తుందో నీకు సరిగ్గా తెలియదు. తరగతిలో నేర్చుకున్నదాన్ని పుస్తకంలో దాచుకునే రకం కాదు అది. తనలాంటి వాళ్ళని కొంతమందిని కూడగట్టింది. సెలవు వస్తే చాలు, కాలేజీ బస్సు అడిగి ఏదో ఒక ఊరు వెళ్తారు. తాగే నీళ్ళు పరీక్ష చేస్తారు. చేసి ఊరుకోరు, ఊరి వాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో ఆ నీళ్ళలో ఏముందో చెప్తారు. బాగాలేకపోతే అర్జీ ఎలా పెట్టాలో, ఎవరిని కలవాలో చూపిస్తారు. వీళ్ళందరికీ శిరీష లీడరు. మైకు చూస్తే వణికే పిల్లకి ముందు మైకు ఇస్తుంది, గలగలా వాగే పిల్లని సీసాలు కడగమంటుంది. 'అదేమిటే?' అంటే, 'రెండు రకాలూ రెండూ నేర్చుకోవాలి తాతయ్యా' అంటుంది. నీకు ముప్పై ఏళ్ళ నుంచి కూలీలున్నారు. ఒక్కరికైనా తిట్టడం తప్ప ఏం నేర్పావు?

వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటి నీళ్ళు పరీక్ష చేయాలో ఆ ఇంట్లో ముందు చాప మీద కూర్చుంటారు. ఆ నీళ్ళే ఒక గ్లాసు అడిగి తాగుతారు. ఆ తర్వాతే సీసా తీస్తారు. తాగకుండా సీసా తీస్తే, మీ నీళ్ళు చెడ్డవని ముందే అనేసినట్టు అవుతుందట. శిరీష పెట్టిన పద్ధతే అది.

మన ఊరికి వాళ్ళని రమ్మన్నది ఎవరు? నువ్వు. కాలనీ వాళ్ళు బోరు ఉప్పెక్కిందని గొణుగుతుంటే, నా మనవరాలి చేతే పరీక్ష చేయించి నోళ్ళు మూయిస్తానన్నావు. కాలనీ మధ్యలో షామియానా వేయించావు. పిల్లలకి భోజనాలు, కూల్‌డ్రింకులు. నేను కూడా బస్సులో వచ్చాను కదా, ముందు వరుసలో కుర్చీ వేయించావు. మైకు పట్టుకుని ఏమన్నావో నీకు గుర్తు లేకపోయినా నాకుంది.

"ఇది నా మనవరాలండీ! పట్నంలో చదువుకుని మన కోసం వచ్చింది. మా చెరువు వల్ల బోరు పాడైందని కొంతమంది పుకార్లు పుట్టిస్తున్నారు. నేను చెప్తే మీరు నమ్మరు. ఇవాళ సైన్సే చెప్తది, వినండి!"

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ముందు పిల్లలు కాలనీలో మరియమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని ఆ బోరు నీళ్ళు తాగారు. శిరీష కూడా తాగింది. మొహం చిట్లించలేదు. అప్పుడు సుగుణ నా పక్కకి వంగి, "చూశారా బావగారూ, కాలనీలో నీళ్ళు తాగుతోంది, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అంది. అందరూ చూస్తూనే ఉన్నారు సుగుణా. చూడాలనే కదా షామియానా వేసింది.

తర్వాత పరీక్ష. చిన్న గాజు సీసాలో నీళ్ళు పోసి ఏదో కలిపితే పసుప్పచ్చగా అయింది. ఇంకో మందు ఒక్కో చుక్కా వేస్తూ పోతే ఎక్కడో ఒకచోట ఇటుక రంగుకి తిరుగుతుంది. ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే అంత ఉప్పున్నట్టు. పిల్లలు చుక్కలు పైకి లెక్కపెట్టమన్నారు. మీ ఇంటికి వచ్చే క్యాను నీళ్ళు ముందు చేశారు. కాసిని చుక్కలకే ఎర్రబడింది. మళ్ళీ చప్పట్లు. నువ్వు మీసం మీద చెయ్యేశావు.

తర్వాత మరియమ్మ బిందెలో నీళ్ళు. మరియమ్మే లెక్క మొదలుపెట్టింది. కాలనీ అంతా అందుకుంది. చుక్క పడుతోంది, పసుపు పసుపుగానే ఉంది. చుక్క పడుతోంది, పసుపే. మందు సీసా అయిపోయింది, శిరీష ఇంకోటి విప్పింది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే లెక్క ఆపేశారు. పిల్లకాయలు ఆపలేదు, వాళ్ళకి ఆట. నువ్వు లేచి వెళ్ళి మైకు ఆపించావు. మైకు ఆగాక పిల్లకాయల లెక్క ఇంకా గట్టిగా వినబడింది.

అదీ జరిగింది. పుకారు పుట్టించింది ఎవరో తేలిపోయింది.

ఆ వారమే నువ్వు నాకు ఫోను చేశావు. కాలేజీలో పెద్ద సభ ఉందని, పిల్లలు తిరిగిన ఊళ్ళ సంగతులన్నీ శిరీష పెద్ద ఆఫీసర్ల ముందు చెప్తుందని నీకు ఎవరో చెప్పారు. "అన్నయ్యా, ఆ బోరు మాట అక్కడ వచ్చిందంటే చెరువు మీదకి వచ్చేస్తారు. ఎలా ఆపుతావో ఆపు. ఆపలేదనుకో, చదువు మానిపించి జుట్టు పట్టుకుని తీసుకొచ్చేస్తా" అన్నావు. నీ కొడుకు రాంబాబు పక్కనే ఉన్నాడు, వాడి దగ్గు వినబడింది. కన్నకూతురి జుట్టు మాట నువ్వు అంటుంటే వాడు దగ్గాడు. అంతే.

సరే, ఆపుతానన్నాను. మాటంటే మాటే.

ముందు పిల్లని గేటు దగ్గరికి పిలిచి మంచిగానే చెప్పాను. అది నిలబడే విన్నది.

"నేను చెరువు ఎవరిదో చెప్పను తాతయ్యా. పేర్లే ఎత్తను. బోరు సంగతి ఒక్కటీ చెప్తా" అంది.

"బోరు మాట చెప్తే చెరువు మాట చెప్పినట్టే" అన్నాను.

"అంటే నీకూ తెలుసన్నమాట."

నాకు ఒళ్ళు మండింది. "నీ ఒంటి మీద బట్ట ఎక్కడిదే? నీ పుస్తకాలు ఎక్కడివి? ఆ రొయ్యలవి కాదూ?" అన్నాను.

"అవే. అందుకే వేరే ఎవరో చెప్పేలోపు నేను చెప్పాలి."

జవాబు లేనప్పుడు మన ఇంట్లో మగవాళ్ళు ఏం చేస్తారో నీకు తెలుసు. నాన్న చేశాడు, నువ్వు పొలం పంపకాలప్పుడు చేశావు. నేనూ అదే చేశాను. "నువ్వు ఒప్పుకునేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను" అని కుర్చీలో కూర్చున్నాను.

నాకు షుగరుందని దానికి తెలుసు. నా మాత్రలు పొద్దునా సాయంత్రం అదే చేతిలో పెట్టేది.

హాస్టలు వార్డెనమ్మ పరిగెత్తుకొచ్చింది. "సుబ్బయ్యగారూ, మీకు దణ్ణం పెడతానండీ. మీరిక్కడ పడిపోతే నా ఉద్యోగం ఊడిపోద్దండీ. కావాలంటే ఆ పక్క ఆస్పత్రి ముందు కూర్చోండి, అక్కడైతే వెంటనే చూస్తారు" అంది. నవ్వొచ్చింది. నవ్వలేదు.

శిరీష స్నేహితురాలు నస్రీన్ వచ్చింది. వన్‌టౌన్‌లో దర్జీ కూతురు, బట్ట కోసినట్టు మాట్లాడుతుంది. వాళ్ళమ్మ చేసిన బిర్యానీ డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది.

"వాసన చూస్తే ఉపవాసం పోద్దా తాతా?"

"పోదు. తీసెయ్."

"మేమూ ఉంటాం రోజా. పొద్దు గుంకితే విప్పుతాం. మరి మీరెప్పుడు విప్పుతారు?"

"నీ స్నేహితురాలు నోరు మూసుకున్నప్పుడు."

మూత పెట్టేసింది. "అల్లా కోసం మానేసినవాళ్ళని చూశాను. రొయ్యల కోసం మానేసినవాళ్ళని మిమ్మల్నే చూశా" అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం శిరీష కంచంలో అన్నం తెచ్చింది. తిననన్నాను. తను కూడా తినకుండా గేటు పక్కన నేల మీద కూర్చుంది. అటూ ఇటూ వెళ్ళే పిల్లలంతా మమ్మల్ని చూసుకుంటూ వెళ్ళారు. ఒకతి ఫోటో కూడా తీసింది.

"తాతయ్యా, పడిపోతావు."

"పోతే పోతాను. నా శవంతో పాటు నీ సీసాలు కూడా పక్కన పెట్టుకుని ఊరికి తీసుకెళ్ళు. చుక్కలు లెక్కపెట్టుకుంటూ మోయండి."

ఈ మాట నేనే అన్నాను. నీ తరఫున అన్నాను. దాని మొహం పాలిపోయింది. ఏడవలేదు. లేచి కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది. నువ్వు అక్కడ ఉండి ఉంటే సంతోషించేవాడివి.

మర్నాడు ఎండెక్కాక నా కళ్ళ ముందు గేటు రెండు గేట్లయింది. చేతులు వణికాయి, చెమట పట్టింది. అది నటన కాదు. కుర్చీలోంచి పక్కకి ఒరిగాను. శిరీష చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. నా తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో పంచదార పోయబోయింది. నేను పెదాలు బిగించాను. చావుకి సిద్ధమైనవాడిలా బిగించాను. అప్పుడు నా చేతిలో చెయ్యి వేసి, "చెప్పను తాతయ్యా. మన ఊరి మాట ఎత్తను. నోరు తెరువు" అంది. తెరిచాను. తర్వాత పెరుగన్నం మెత్తగా కలిపి తన చేత్తోనే ముద్దలు పెట్టింది. ఆకలి మీదున్నాను, రుచిగానే ఉంది. గెలిచిన అన్నం కదా.

నీ పని అయినట్టే అని ఆ సాయంత్రమే నీకు ఫోనులో చెప్పాను.

సభ రోజున ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. పెద్ద హాలు, చల్లటి గాలి మిషన్లు. ఆఫీసర్లు, పట్నం పెద్దమనుషులు, వేరే కాలేజీల పిల్లలు. మధ్య వరుసలో తెల్ల చీరలు కనబడ్డాయి. ఎవరా అని చూస్తే మరియమ్మ, కాలనీ ఆడవాళ్ళు ఓ పదిమంది. శిరీష వాళ్ళని ఎప్పుడో, నాకు మాటివ్వకముందే, రమ్మని పిలిచింది. మీ బోరు సంగతి పెద్దవాళ్ళ ముందు చెప్తాను, వచ్చి వినండి అని. తెల్లారకుండా లేచి, చర్చికి కట్టుకునే చీరలు కట్టుకుని, బస్సు మారి వచ్చారు. సభ అయ్యాక గుణదల వెళ్ళి మేరీమాతకి దణ్ణం పెట్టుకుందామని కొవ్వొత్తులు కూడా తెచ్చుకున్నారు.

తర్వాత నేను శిరీషని అడిగాను, వాళ్ళని రావద్దని ఎందుకు చెప్పలేదని. "ఏమని చెప్పను తాతయ్యా? ఫోను తీశాను, మాట రాలేదు" అంది.

పిల్ల బాగా మాట్లాడింది. కాగితం చూడకుండా మాట్లాడింది. మైలవరం వైపు ఊళ్ళ సంగతి చెప్పింది. ఏటి ఒడ్డు ఊళ్ళ సంగతి చెప్పింది. ఒక్కో ఊరు తెర మీద పడుతున్నప్పుడల్లా మరియమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఇప్పుడు మనదే, ఇప్పుడు మనదే అన్నట్టు పక్కవాళ్ళని మోచేత్తో పొడిచింది. నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. చివరి ఊరు అయింది. శిరీష ఒక్క క్షణం ఆగింది. నస్రీన్ వేదిక మీద దాని పక్కనే నిలబడి దాని వంక చూసింది. శిరీష అందరికీ నమస్కారం పెట్టి దిగిపోయింది. చప్పట్లు. మరియమ్మ వాళ్ళు కూడా కొట్టారు. ఇంకా ఉందేమో అనుకుని కాసేపు కూర్చునే ఉన్నారు.

నస్రీన్ చెప్పేస్తానందట. శిరీషే ఆపింది. "మాట ఇచ్చింది నేను. నీ నోటితో చెప్పిస్తే అది మాట తప్పడమే" అందట. ఆ పట్టుదల మన ఇంటిదే. మనం దాన్ని ఎందుకు వాడుకుంటామో, ఆ పిల్ల ఎందుకు వాడుకుందో చూడు.

ఇంకో సంగతి విను. వచ్చిన కాలేజీలన్నిటిలో వాళ్ళకే మొదటి బహుమతి వచ్చింది. నిజాన్ని భయం లేకుండా జనం దగ్గరికి తీసుకెళ్ళిన పిల్లలు అని ఒక ఆఫీసరు మెచ్చుకున్నాడు. మెరిసే కప్పు ఇచ్చారు. సాయంత్రం శిరీష హాస్టలుకి వస్తూ గేటు దగ్గర ఆగి ఆ కప్పు నా గది కిటికీలో పెట్టింది. "ఇది నీది తాతయ్యా" అంది. వెటకారం లేదు, కోపం లేదు. పోస్టు వచ్చింది తీసుకో అన్నట్టు అంది. నస్రీన్ వెనకే ఉంది. దానికి మాత్రం ఉంది వెటకారం. "గెలిచారుగా తాతా. స్వీట్లేవి?" అంది.

అంతకన్నా ముందు, సభ అయిన వెంటనే, హాలు బయట మరియమ్మ శిరీషని పట్టుకుంది.

"మా బోరు మర్చిపోయావా అమ్మా? పిల్లవి, అన్ని ఊళ్ళాయె" అంది. తిట్టలేదు. సర్దిచెప్తున్నట్టు అంది.

శిరీష తల వంచుకుని నిలబడింది. అదే గనక ఏదో ఒక అబద్ధం చెప్పి ఉంటే నేను పక్కకి తప్పుకునేవాణ్ణి. చెప్పలేదు. నిలబడింది. ఆ నిలబడటం నేను చూడలేకపోయాను.

"పిల్ల మర్చిపోలేదు మరియమ్మా. నేనే చెప్పనివ్వలేదు. అన్నం మానేసి కూర్చుని ఒట్టు వేయించుకున్నాను" అన్నాను. నేను దేనికీ దాక్కునే మనిషిని కాను, నీకు తెలుసు.

మరియమ్మ నన్ను పైనుంచి కిందదాకా చూసింది. మన పొలంలో నాట్లు వేసిన మనిషి. నాకు ఎదురుగా ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"అన్నం మానేశారాండీ?"

"మానేశాను."

"ఎన్నాళ్ళండీ?"

"రెండో రోజుకి ఒప్పుకుంది."

"మీకు వీలైందండి. పప్పు ఉడక్కపోయినా, టీ పెడితే పాలు విరిగిపోతున్నా మేము ఆ నీళ్ళు మానలేకపోతున్నాం. నా మనవడికి పాలపొడి కలిపేది కూడా ఆ నీళ్ళతోనే. వాడు తాగనని ఏడిస్తే నేను తిడతాను. మీరు తిననంటే మాత్రం ఈ పిల్ల లొంగిపోయింది" అంది. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగి, "పదండే, గుణదల పోదాం, బస్సు వెళ్ళిపోద్ది" అంది. తెల్ల చీరలన్నీ ఎండలో వెళ్ళిపోయాయి. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

నన్ను పట్నంలో ఎవరూ తిట్టరని పైన రాశాను. అది సభ ముందు సంగతి.

ఇప్పుడు పిల్ల ఎలా ఉందో చెప్తాను, నువ్వు అడగవు కాబట్టి. చదువుకుంటోంది. తింటోంది. నా మాత్రలు వేళకి తెచ్చి ఇస్తోంది. లీడరు పని మానేసింది. ఎవరూ తీసేయలేదు, తనే నస్రీన్ చేతిలో పెట్టి వచ్చింది. 'ఒక ఊరు దాచినదాన్ని, ఇంకో ఊరు వెళ్ళి చాప మీద ఎలా కూర్చోను?' అందట. సెలవు రోజున మిగతా పిల్లలు సీసాల పెట్టె మోసుకుంటూ నా గేటులోంచే బస్సు ఎక్కుతారు. ఇది మెట్ల మీద కూర్చుని చూస్తుంది. బస్సు వెళ్ళాక లోపలికి పోతుంది.

పోయిన ఆదివారం నేనే దిగి వచ్చాను. "ఒట్టు వదిలేస్తున్నాను. వెళ్ళి ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో" అన్నాను.

"సభ అయిపోయింది తాతయ్యా" అంది. "మరియమ్మగారు మళ్ళీ వస్తారా? నేను పిలిస్తే వస్తారా?"

నా చేతిలో మాత్ర పెట్టి, నీళ్ళ గ్లాసు అందించింది. ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నువ్వు నాకు పని చెప్పావు, చేశాను. నీకిచ్చిన మాట తీరిపోయింది. ఇక నా మాట. ఆ చెరువులో నా రెండెకరాలు ఉన్నాయి. ఇప్పుడు రొయ్యల పట్టుబడి అవుతోందని, అవ్వగానే ఎండాకాలం పంటకి మళ్ళీ రొయ్యపిల్లల సీడు వేస్తావని రాంబాబు చెప్పాడు. వేయకూడదు. నీళ్ళు తోడించి, కట్ట కొట్టించాలి. పొలం ఉప్పెక్కి గడ్డి కూడా మొలవదంటావు. మొలవకపోతే మొలవకపోనీ, బీడుగా పడి ఉండనీ. బోరు తేరుకునేదాకా మీ ఇంటికి తెప్పించుకునే నీళ్ళ క్యాన్లు ముందు కాలనీకి వెళ్ళాలి. మీరు బోరు నీళ్ళు తాగండి. రుచి తెలుస్తుంది.

శిరీషని చదువు మానిపిస్తానన్న మాట ఇంకోసారి నీ నోట రాకూడదు. రాంబాబూ, వింటున్నావా? ఈసారి దగ్గి ఊరుకోకు.

ఇది నేను బతిమాలి అడుగుతున్నానని అనుకోకు. వార్డెనమ్మకి సెలవు చెప్పాను. రేపు పొద్దున బస్సుకి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం నాకన్నా ముందే నీకు అందాలని ఇవాళ సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పిల్లకి నేను వస్తున్నట్టు చెప్పలేదు, నువ్వూ ఫోను చేసి ఏడిపించకు. దాన్ని మళ్ళీ ఇందులోకి లాగితే నీకూ నాకూ తెగిపోతుంది.

మేనత్త రమణమ్మకి నా దణ్ణాలు చెప్పు. ఆవిడ చెవి మిషనుకి బ్యాటరీలు కొన్నాను, తెస్తున్నాను. సుగుణకి, రాంబాబుకి, కోడలికి నా దీవెనలు. ఊళ్ళో నన్ను అడిగినవాళ్ళకి, అడగనివాళ్ళకి కూడా, సుబ్బయ్య వస్తున్నాడని చెప్పు.

సుగుణా, నాకోసం ఏమీ వండకు. నేను ఇంట్లోకి రాను. మీ గుమ్మం ముందు అరుగు మీద కూర్చుంటాను. నా మాత్రలు ఇక్కడే వదిలేసి వస్తున్నాను. కాలనీ వాళ్ళు పనికి వెళ్ళే దారి అదే కాబట్టి నేను ఎందుకు కూర్చున్నానో అడిగినవాళ్ళందరికీ చెప్తాను. మైకు అక్కర్లేదు.

తమ్ముడూ, ఆ పిల్ల రెండో రోజుకే చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. నువ్వు ఎన్నో రోజుకి లేస్తావో చూస్తాను.

నీ మేలు కోరే అన్న,
సుబ్బయ్య